బోరు వేయడానికి ఊరిని అడగాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక గ్రామం. భగీరథ నీళ్లు రాని రోజుల్లో పంచాయతీ బోరే మాకు ఆధారం. దానికి రెండు వందల అడుగుల దూరంలో ఒక వ్యాపారి ట్యాంకర్లతో నీళ్లు అమ్ముకోవడానికి బోరు వేయించాడు. ఊళ్లో చాటింపు లేదు, బహిరంగ విచారణ లేదు. ఇది చెల్లుతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: విచారణ జరగలేదన్న ఒక్క కారణం మీద ఫిర్యాదు చేస్తే అది నిలవదు. మీరనుకుంటున్న ప్రజాభిప్రాయ సేకరణ 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కిందికి వచ్చే గనులకు, పెద్ద పరిశ్రమలకు సంబంధించినది. అక్కడ కనీసం 30 రోజుల ముందు దినపత్రికల్లో ప్రకటన వేయాలి, కలెక్టరు గానీ అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ఆయన ప్రతినిధి గానీ సభను నడపాలి, జరిగినదంతా వీడియో తీయాలి, చివరికి సభా వివరాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. (అవి విని తప్పొప్పులు చెప్పేదాకా కూర్చునేవారు తక్కువే.) ఒంటి బోరుకు ఈ పద్ధతి వర్తించదు.

మీకు అక్కరకొచ్చేది వాల్టా, అంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి గానీ బోరు గానీ తవ్వరాదని అది చెబుతుంది. మీరు రాసిన దూరం 61 మీటర్లే. ప్రజల తాగునీటి కోసం వేసే బోరుకు మినహాయింపు ఉంది గనుక ‘ఇవీ తాగే నీళ్లే కదా’ అని వ్యాపారి అనవచ్చు. ట్యాంకరుకు ఇంతని అమ్మే నీటికి ఆ మినహాయింపు చెల్లదని నా అభిప్రాయం.

కాబట్టి పెద్దమనుషుల సమక్షంలో టేపుతో దూరం కొలిపించి, కొత్త బోరు పడ్డాక పంచాయతీ బోరు ఎన్ని గంటలు పోస్తోందో, పైపులు ఎన్ని దించవలసి వచ్చిందో తేదీలతో రాసి, తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోండి. అనుమతి ఇచ్చామని చెబితే, ఆ దరఖాస్తు, భూగర్భ జల శాఖ నివేదిక నకళ్లను సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. అందులో చేసే తీర్మానం దానంతట అది మోటారును ఆపదు గానీ, కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా వాల్టా ప్రాధికార సంస్థ ముందుకు వెళ్లేటప్పుడు ఒంటరి అర్జీ కన్నా బలంగా నిలుస్తుంది. చాలాకాలంగా ఫ్లోరైడ్‌కు పేరుపడ్డ జిల్లా మనది. పంచాయతీ బోరు నీటిని పరీక్ష చేయించి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ చీటీని కూడా జత చేయండి.