రిపోర్టులన్నీ నార్మల్.. మరి ఈ గుండె దడ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 61. గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్టులో 30 ఏళ్లు గుమాస్తాగా చేశాను. నా భార్య పోయాక, 8 నెలల కిందట విజయవాడలో మా అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. ఐదో అంతస్తులో ఫ్లాటు. అప్పటి నుంచి నిద్ర లేదు, తెల్లవారుజామున గుండె దడ, అన్నం సయించదు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, షుగర్ అన్నీ బాగున్నాయన్నారు. ‘నీకేం లేదు నాన్నా, ఊరికే ఆలోచిస్తున్నావ్’ అంటాడు మావాడు. నిజంగా నాకేం లేదా?

జవాబు: ఉందండీ. మీది భ్రమ కాదు. గుండెలో, థైరాయిడ్‌లో లోపం కనిపించలేదని మాత్రమే ఆ రిపోర్టుల అర్థం.

యార్డులో కాటా దగ్గర చీటీ రాయడానికి మీరు లేకపోతే టిక్కీలు (మిర్చి బస్తాలు) కదిలేవి కావు. రైతు, హమాలీ, టీ కొట్టతను.. రోజుకు ఎన్నిసార్లు ఎవరో ఒకరు మిమ్మల్ని పిలిచేవారు! ఇప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిమ్మల్ని పిలిచేది ఎవరు?

ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యల మీద రాసిన పుస్తకంలో ఈ సంగతే లెక్కలతో చూపారు. కుటుంబంతో, నలుగురితో ముడి గట్టిగా ఉన్నచోట మనిషికి బతుకు మీద పట్టు ఉంటుంది. రోజును నడిపే పద్ధతి ఒక్కసారిగా పోయి దిక్కుతోచని స్థితిని ఆయన ‘అనోమీ’ అన్నారు. మీకు తోడూ పోయింది, ఊరూ పోయింది, పనీ పోయింది. కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో దాదాపు 7 వేల మందిని 9 ఏళ్లు గమనించి 1979లో ప్రచురించిన అధ్యయనంలో, అనుబంధాలు బాగా తక్కువున్నవారిలో మరణాలు రెట్టింపుకు పైగా కనిపించాయి. ఒంటరితనాన్ని ఒళ్లు ప్రమాదంగానే లెక్కేస్తుంది. ఒత్తిడికి స్పందించే కార్టిసాల్ హార్మోను మామూలుగానే తెల్లవారుజామున పెరుగుతుంది, దానికి ఆందోళన తోడైతే దడ ఆ వేళకే ఎక్కువ తెలుస్తుంది.

ఇక మీ అబ్బాయి మాట. జబ్బుపడటం కూడా సమాజం ఒప్పుకుని ఇచ్చే పాత్రేనని 1951లో అమెరికన్ పండితుడు టాల్కాట్ పార్సన్స్ రాశారు. ఆ పాత్ర దక్కినవాడికి పనుల నుంచి మినహాయింపు, ‘తప్పు నీది కాదు’ అన్న ఆదరణ దొరుకుతాయి. బదులుగా అతను వైద్యం చేయించుకుని కోలుకునే ప్రయత్నం చేయాలి. మన ఇళ్లలో మాత్రం రిపోర్టులో ఏదో ఒక అంకె బోల్డులో కనిపిస్తేనే ఆ ఆదరణ. స్టెంట్ వేయించుకున్నవాడికి కొబ్బరిబోండాలు తెచ్చే చుట్టాలే నిద్రపట్టనివాడికి నీతులు చెబుతారు. ఓపీలో ఇది రోజూ చూస్తాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ఎనిమిది నెలలు ఆగారు, ఇక ఆగొద్దు. ఇది డిప్రెషనో కాదో సైకియాట్రిస్టు చూసి చెప్పాలి. మందులు రాస్తే వాడండి. నిద్రమాత్రలు మీ అంతట మీరు కొనొద్దు. మెట్లెక్కినప్పుడు ఛాతీలో పట్టేసినట్టుంటే మళ్లీ గుండె డాక్టరును కలవండి. బతకాలని లేదనిపిస్తే ఏ వేళైనా సరే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

వారానికోసారి గుంటూరు బస్సెక్కి యార్డుకెళ్లి పాతవాళ్లతో కూర్చోండి, ఎంత, గంట ప్రయాణం. మీ అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు రాసే పని అడిగి తీసుకోండి. 30 ఏళ్లు లెక్కలు రాసిన చెయ్యి మీది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ అబ్బాయిని కూడా లోపలికి తీసుకెళ్లండి, ఆయన చెప్పేది అతనూ వినాలి.