ఈ టేకు ఏ అడవిదో రాసివ్వండి

ప్రశ్న: మా అబ్బాయి పెళ్ళికి మంచం, బీరువా, భోజనాల బల్ల కొనాలని నగరంలోని ఒక పెద్ద ఫర్నిచర్ దుకాణానికి వెళ్ళాం. అంతా అసలైన బర్మా టేకు అన్నారు. ఏ అడవి నుంచి, ఏ కాగితాలతో వచ్చిందని అడిగితే, "ఇన్నేళ్ళలో ఈ మాట అడిగింది మీరేనమ్మా" అని సేల్స్‌మన్ నవ్వాడు. దొంగచాటుగా నరికిన కలపతో చేసిన సామాను అమ్మవద్దని మా అపార్ట్‌మెంటులోని పది కుటుంబాలవాళ్ళం కలిసి అడగాలనుకుంటున్నాం. చట్టం మాకు అండగా ఉంటుందా? దుకాణంవాళ్ళు మా మాట వింటారా?
ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: పరాయి దేశంలో అక్రమంగా నరికిన కలపను ఇక్కడ అమ్మడమే నేరమని చెప్పే ప్రత్యేక చట్టం మనకు లేదు. దొంగచాటుగా వేటాడిన జంతువుల వ్యాపారాన్ని అడ్డుకునే తన లేసీ చట్టాన్ని అమెరికా 2008లో కలపకు కూడా వర్తింపజేసింది. ఐరోపా సమాఖ్యలో అటువంటి నిబంధన 2013 మార్చి నుంచి అమలులోకి వచ్చింది. మన దగ్గర ఆ అడ్డు లేదు కాబట్టి, డబ్బు చెల్లించే ముందు మీరు వేసే ప్రశ్నే అడ్డు కావాలి. ఆ సేల్స్‌మన్ అన్న మాట నిజమే అయివుంటుంది. ఎవరూ అడగకపోవడం వల్లనే ఈ వ్యాపారం ఇలా సాగిపోతోంది.

బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగివచ్చినవారి కోసం బర్మా క్యాంపు వెలసిన ఊరు మనది. ఆ టేకు మీద మనకున్న మోజు కూడా పాతదే. అయితే మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది కాబట్టి, ఆ తరువాత కలప అక్కడే కోయించి పలకలుగా పంపవలసిందే. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నాక, అక్కడి ప్రభుత్వ కలప సంస్థపై అమెరికా, ఐరోపా సమాఖ్య అదే ఏడాది ఆంక్షలు విధించాయి, భారతదేశం విధించలేదు. చిక్కంతా పలకల దగ్గరే ఉంది. దుంగగా ఉన్నప్పుడు దాని కొసన అటవీశాఖ వేసిన సుత్తి ముద్రనో, రంగుతో రాసిన అంకెలనో చూడవచ్చు. కోత మిల్లులో ఆ కొస తెగి పడిపోయాక, దొంగ దుంగ, దొర దుంగ ఒకే దొంతరలో చేరతాయి. పాలిష్ పట్టిన మంచం పట్టె మీద వేలు పెట్టి, ఇది ఫలానా అడవిదని చెప్పగలిగేవారు మీ దుకాణంలో ఉండరు.

అందువల్ల మీకు పనికివచ్చేది బిల్లు. "బర్మా టేకు" అన్న మాటను నోటితో చెప్పించుకుని ఊరుకోకుండా, కలప పేరు, అది పెరిగిన దేశం, అమ్మిన అడితి లేదా దిగుమతిదారు పేరు బిల్లు మీద రాసివ్వమని అడగండి. ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటల టేకు కూడా మన దేశానికి బాగానే వస్తుంది. దానినే బర్మా టేకు అని రాసి అమ్మితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్‌కు వెళ్ళే దారి మీకుంది, 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు కూడా చేయవచ్చు. నిజంగా బర్మాదే అయితే, దిగుమతి కాగితాలు చూపించమనడానికి ఆ రాతే ఆధారం. రాసివ్వడానికి వెనకాడే దుకాణంలో కొనకండి. కలప సక్రమంగా చూసుకునే అడవి నుంచి వచ్చిందని ధ్రువీకరించే ఎఫ్‌ఎస్‌సీ (ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) ముద్ర ఉందని చెబితే, దాని పక్కనున్న అంకెల కోడ్‌ను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి.

మెర్బౌ, మెరాంటి అన్న కలప పేర్లు వినబడితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే టేకు రుతుపవనాల అడవి చెట్టు కాగా, ఇవి దొంగ నరుకుడుకు గురవుతున్న ఆగ్నేయాసియా వర్షారణ్యాలవి. మెరాంటి మన ఉత్తరాంధ్ర కొండల్లోని గుగ్గిలం చెట్టుకు దగ్గరి చుట్టమని తెలిసినప్పటి నుంచి, ఆ చెక్కను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

వింటారా అన్నారు. అమెరికాలో హోమ్ డిపో అనే పెద్ద దుకాణాల సంస్థ ముందు పర్యావరణ కార్యకర్తలు రెండేళ్ళపాటు ప్రదర్శనలు చేసిన తరువాత, అంతరించే ప్రమాదంలో ఉన్న అడవుల కలప అమ్మకాన్ని 2002 చివరికల్లా మానుకుంటామని ఆ సంస్థ 1999 ఆగస్టులో ప్రకటించింది. మీరు పది కుటుంబాలే కావచ్చు, కానీ పెళ్ళి సామాను కొనే పది కుటుంబాలను ఏ యజమానీ తేలికగా వదులుకోడు. అందరూ సంతకాలు చేసిన ఉత్తరాన్ని సేల్స్‌మన్‌కు కాకుండా యజమానికే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. రుజువు చేతిలో లేకుండా దొంగ కలప అని దుకాణం పేరుతో వాట్సాప్‌లో పెట్టవద్దు. పరువు నష్టం దావాకు మీరే అవకాశం ఇచ్చినవారవుతారు.

ఏం కొనవచ్చో కూడా ఆ ఉత్తరంలోనే రాయండి, లేకపోతే పని పోతుందని వడ్రంగులు భయపడతారు. రవాణా పర్మిట్ ఉన్న మన తోటల టేకు, రబ్బరు చెక్క, మామిడి, వేప ఉన్నాయి. వన్‌టౌన్‌లో పాత ఇల్లు పడగొట్టినప్పుడు దొరికే దూలాలు, ద్వారబంధాలు ఉన్నాయి. పెళ్ళికి ఇంకా వ్యవధి ఉంటే, ముందు మంచం ఒక్కటీ అటువంటి పాత దూలంతో చేయించి చూడండి. మేకు రంధ్రాలు పూడ్చడానికి వడ్రంగికి రెండు రోజులు ఎక్కువ పడుతుంది, ఆ కూలి ముందే మాట్లాడుకోండి.