జపాన్ పింక్ సినిమాలు చూశాక మనసెందుకు దిగులవుతుంది?

జపాన్‌లో చిన్న నిర్మాతలు తక్కువ ఖర్చుతో తీసే శృంగార సినిమాలను పింక్ సినిమాలంటారు. అలాంటిదొకటి శృంగార సినిమా అనుకుని పెడితే చివరికి గుండె బరువెక్కిందని, తప్పు నాదా సినిమాదా అని ఒకరు అడిగారు. ఇద్దరిదీ కాదు. ఆ సినిమాలు తీసే పద్ధతిలోనే దిగులు ఉంది. నేనూ అలాగే దొరికిపోయాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

2009లో ఉద్యోగం మీద టోక్యో వెళ్లి నిషి కసాయిలో దిగాను. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎక్కువగా ఉండే పేట అది. నా ఇల్లు ‘దాంచి’లో. దాంచి అంటే ప్రభుత్వ సంస్థ కట్టించిన అద్దె ఇళ్ల సముదాయం. వరసగా ఒకే రకం బాల్కనీలు, ఒకే రకం ఇనుప తలుపులు. పాప బడి సంవత్సరం పూర్తయ్యేవరకు మా ఆవిడ గుంటూరులోనే ఉండిపోయింది. ఆ ఎనిమిది నెలలూ రాత్రి పదింటికి తలుపు వేసుకుంటే ఫ్రిజ్ శబ్దం, పక్కింటాయన దగ్గు. ఆ దగ్గు నాకు కంఠతా వచ్చింది గానీ ఆయన ముఖం చూసింది రెండుసార్లే.

ఆ ఏడాదే జపాన్ దర్శకుడు యోజిరో తకిత తీసిన సినిమాకు ఆస్కార్ వచ్చింది. ఆఫీసులో ఆ ముచ్చట వచ్చినప్పుడు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక పెద్దాయన గొంతు తగ్గించి, ‘ఆయన ఓనమాలు దిద్దుకున్నది పింక్ సినిమాల్లో’ అన్నారు. నేను దాంచిలో ఉంటున్నానని తెలిసి ఇంకా నవ్వారు. ఎందుకో తర్వాత అర్థమైంది. టీవీ దెబ్బకు కుదేలైన నిక్కత్సు స్టూడియో 1971 నవంబరులో ‘రోమన్ పోర్నో’ అనే సొంత శృంగార సినిమాల వరస మొదలుపెట్టినప్పుడు, తొలి సినిమా నాయిక దాంచి ఇల్లాలే.

పింక్ సినిమాలు అంతకు ముందు నుంచే, 1962 నుంచే ఉన్నాయి. చిన్న నిర్మాతలు, ముప్ఫై లక్షల యెన్ల దరిదాపుల్లో ఖర్చు, నాలుగైదు రోజుల షూటింగు, గంట నిడివి. అంత కొద్ది డబ్బుతో దొరికేది ఒక గది, ఒక మెట్ల దారి, నలుగురు మనుషులు. జనం కిటకిటలాడే వీధి తీయాలంటే ఖర్చు, ఖాళీ వీధి ఉచితం. అందుకే ఆ సినిమాల్లో ఊరంతా ఎక్కడికో వెళ్లిపోయి ఈ ఇద్దరే మిగిలినట్టు ఉంటుంది.

శబ్దం సంగతి ఇంకా చిత్రం. చాలావరకు మాటలు తర్వాత డబ్బింగ్ చెప్పినవే. మనవీ అంతే కదా అనవచ్చు. మనవాళ్లు మాటకూ మాటకూ మధ్య ఖాళీని వయొలిన్లతో నింపేస్తారు. వీళ్ల దగ్గర నింపడానికి డబ్బు లేదు. ఆమె కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు, ఒక నిట్టూర్పు, ఆ తర్వాత ఏమీ ఉండదు. బయట బస్సు రొద లేదు, పిల్లల అరుపు లేదు. గొంతు మాత్రం చెవి పక్కన ఉన్నట్టు వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ‘ఇది నా గదే’ అనుకున్నాను.

పైగా అశ్లీల నిషేధ చట్టం కఠినం. చూపకూడనిదాన్ని పూలకుండీ, ‘సాకే’ అనే బియ్యపు మద్యం సీసా అడ్డుపెట్టి దాచేవారు, లేదా కెమెరా ముఖం మీదికి వెళ్లిపోయేది. ముఖం మీద అంతసేపు నిలిస్తే కోరిక ఎంతసేపని కనిపిస్తుంది? కాసేపటికి అలసట కనిపిస్తుంది. పక్కనే ఉన్న మనిషికి ఆ అలసట తెలియదు.

పింక్ సినిమాల దర్శకుడు కోజి వకమత్సు 1965లో తీసిన ‘కబె నో నకనో హిమెగొతొ’ చూడండి. పేరుకు అర్థం గోడల మధ్య రహస్యం. బెర్లిన్ చిత్రోత్సవంలో ప్రదర్శిస్తే దేశం పరువు తీశారని జపాన్‌లో గగ్గోలు పెట్టారు. అందులో ఒక దాంచి, ఒక ఇల్లాలు, ఆమె పాత ప్రియుడు. అతని వీపు మీద హిరోషిమా బాంబు మిగిల్చిన మచ్చ. ఆమె ఆ మచ్చను ముద్దాడుతుంది. ఎదురు భవనంలో ప్రవేశ పరీక్ష తప్పి మళ్లీ చదువుతున్న కుర్రాడు, మన లాంగ్ టర్మ్ కోచింగ్ బాపతు, కిటికీలోంచి ఇళ్లలోకి తొంగి చూస్తుంటాడు. అతనికి కావలసింది ఆడవాళ్ల శరీరాలేనని మొదట అనుకున్నాను. రెండోసారి చూసినప్పుడు, ఎదుటి ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నారన్న నమ్మకం కోసం చూస్తున్నాడేమో అనిపించింది. దగ్గు వినడానికి నేను గోడ వైపు తిరిగి పడుకున్నట్టు.

అన్నీ ఇలా ఉంటాయని నమ్మి మోసపోకండి. ఎక్కువ భాగం చెత్త. చాలావాటిలో స్త్రీ మీద బలాత్కారాన్ని వినోదంగా చూపించారు. దాన్ని కూడా కళ అని నెత్తిన పెట్టుకునే విమర్శకులతో నాకు పేచీ. సాచి హమానో అనే దర్శకురాలు ఇదే రంగంలో మూడు వందలకు పైగా సినిమాలు తీసి, కోరికను ఆడదాని వైపు నుంచి చూపించారు. వీలైతే అవి వెతకండి.

ఒక శనివారం టోక్యోలోనే ఉయెనో అనే పేటలో చెరువు దగ్గరి పింక్ థియేటరుకు వెళ్లాను. ఒకే టికెట్టు మీద మూడు సినిమాలు. నా ముందు వరసల్లో అందరూ అరవై దాటినవారే, మనిషికీ మనిషికీ మధ్య రెండేసి ఖాళీ సీట్లు. ఒక సినిమా అయిపోయి దీపాలు వెలిగినా ఎవరూ లేవలేదు. నా ముందాయన సంచిలోంచి ఓనిగిరి, అంటే అన్నం ముద్ద, తీసి, కాగితం చప్పుడు కాకుండా విప్పి, సగం తిని మిగతాది జాగ్రత్తగా చుట్టి పెట్టుకున్నారు. మూడో సినిమా మొదలయ్యేసరికి నిద్రపోయారు. తెర మీద ఏం జరిగినా లేవలేదు. బయటకు వెళ్తూ ఆయన ముందు నుంచి దాటాల్సి వచ్చినప్పుడు మోకాలికి మోకాలు తగిలింది. కళ్లు తెరవకుండానే ‘సుమిమసెన్’, క్షమించండి, అన్నారు. ఆ వారం మొత్తంలో ఆఫీసు బయట నాతో ఎవరైనా అన్న మాట అదొక్కటే.