అంతరిక్ష టెలిస్కోపుకు కొత్త పరికరాన్ని ప్రతిపాదించాలంటే డిటెక్టరుతో మొదలుపెట్టాలా?

మీరు ఉస్మానియాలో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నారనీ, దూర అతినీలలోహిత కాంతిని విశ్లేషించే స్పెక్ట్రోమీటరు ఆలోచన ఒకటి మీ దగ్గర ఉందనీ, దాన్ని ఏదైనా అంతరిక్ష టెలిస్కోపుకు ప్రతిపాదించాలంటే ముందు డిటెక్టరును ఎంచుకోవాలా అనీ అడిగారు. నేను హైదరాబాదులోనే చాలా ఏళ్లుగా డిటెక్టర్ల ఎలక్ట్రానిక్స్ మీద పనిచేస్తున్నాను. బెలూన్ల మీద, ఉపగ్రహాల మీద పంపదలచిన పరికరాలకు ప్రతిపాదనలు రాసిన బృందాల్లో ఉన్నాను. ఆ అనుభవంతో చెప్పగలిగేది ఇది: డిటెక్టరుతో మొదలుపెట్టకండి. ఆకాశం నుంచి మీరు ఏమి తెలుసుకోవాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం ఏ అంకెను కోరుతుందో లెక్కకట్టండి. ఆ అంకె నుంచే గ్రేటింగుకు (కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసే, సన్నని గీతలు చెక్కిన తలానికి), అద్దాలకు, కాంతిని నమోదు చేసే డిటెక్టరుకు దిగిరండి. సమీక్షకులు మీ ప్రతిపాదనను చదివేదీ ఆ వరుసలోనే.

మీ రంగంలోనే ఒక ఉదాహరణ తీసుకుందాం. గెలాక్సీల చుట్టూ సుమారు 3 లక్షల కెల్విన్ల వేడిలో ఉండే వాయువు జాడను, ఐదు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్ 103.2, 103.8 నానోమీటర్ల వద్ద ఇచ్చే రెండు గీతలు పట్టిస్తాయి. ఆ వాయువు ఉందా లేదా అన్నదే మీ ప్రశ్న అయితే, ఆ రెండు గీతలను విడిగా చూపగల విభేదన సామర్థ్యం చాలు. తరంగదైర్ఘ్యాన్ని, విడిగా గుర్తించగల అతి చిన్న తేడాతో భాగిస్తే వచ్చే అంకె అది, ఇక్కడ 200 ప్రాంతంలో ఉంటుంది. ఆ వాయువు గెలాక్సీలోకి పడుతోందా, బయటికి వెళ్లిపోతోందా అన్నది మీ ప్రశ్న అయితే సెకనుకు 100 కిలోమీటర్ల వేగాన్ని గుర్తించాలి. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు కనుక అప్పుడు కావలసిన సామర్థ్యం 3,000 అవుతుంది. ప్రశ్నలో ఒక్క మాట మారేసరికి గ్రేటింగు, పిక్సెల్ పరిమాణం, ఉపగ్రహం ఎంత నిలకడగా చూడాలన్న షరతు అన్నీ మారిపోతాయి. ఇంకొక చిక్కు కూడా ఉంది. భూమి పై వాతావరణంలోని హైడ్రోజన్ 102.6 నానోమీటర్ల వద్ద గట్టిగా వెలుగుతుంది, కాబట్టి పరికరం లోపల చెదిరే కాంతికి ఎంత హద్దు పెడతారో కూడా మీరు మొదటే చెప్పాలి.

అద్దాల పూత విషయంలో ఈ తరంగదైర్ఘ్యాలు చాలా కఠినమైనవి. అల్యూమినియం మీద మెగ్నీషియం ఫ్లోరైడ్ వేసే మామూలు పూత 115 నానోమీటర్ల కిందికి వచ్చేసరికి కాంతిని సరిగా ప్రతిఫలించదు. లిథియం ఫ్లోరైడ్ పూత 100 నానోమీటర్ల దాకా తీసుకువెళ్తుంది కానీ గాలిలోని తేమను పీల్చుకుని పాడవుతుంది. దూర అతినీలలోహిత కాంతిని చూడటానికి 1999లో ప్రయోగించిన ఫ్యూజ్ ఉపగ్రహంలో కొన్ని అద్దాలకు ఈ పూతను, మిగిలినవాటికి సిలికాన్ కార్బైడును వాడారు. మన ఊళ్లో జులై, ఆగస్టు నెలల్లో గాలి ఎంత తేమగా ఉంటుందో మీకు తెలుసు. అద్దం పూత పూసిన రోజు నుంచి ప్రయోగం రోజు వరకు పొడి నైట్రోజన్‌లో ఎలా ఉంచుతారో ప్రతిపాదనలో ఒక పేరా రాయండి. దాన్ని చదివినవారికి మీరు నిజంగా పరికరం కట్టబోతున్నారన్న నమ్మకం కలుగుతుంది.

పూత ఎంత మంచిదైనా తలాల సంఖ్యను తగ్గించుకోవాలి. ఒక్కో తలం 60 శాతం కాంతిని ప్రతిఫలిస్తుందని అనుకున్నా, మూడు ప్రతిఫలనాల తర్వాత మిగిలేది ఐదో వంతుకు కాస్త పైన, నాలుగో తలం చేరితే ఎనిమిదో వంతు ప్రాంతం. ఈ లెక్క ఎంత బలమైనదో చెప్పడానికి 2009లో వ్యోమగాములు హబుల్‌లో అమర్చిన కాస్మిక్ ఆరిజిన్స్ స్పెక్ట్రోగ్రాఫ్‌ను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. హబుల్ ప్రధాన దర్పణంలో గోళీయ దోషం ఉంది, అంటే దర్పణం అంచుల నుంచి, మధ్య నుంచి వచ్చే కాంతి ఒకే చోట కేంద్రీకృతం కాదు. ఆ దర్పణాన్ని మార్చలేరు. ఆ పరికరపు దూర అతినీలలోహిత మార్గంలో ఒకే ఒక్క వక్ర గ్రేటింగు కాంతిని విడదీస్తుంది, కేంద్రీకరిస్తుంది, దర్పణ దోషాన్నీ సరిదిద్దుతుంది. టెలిస్కోపును ఉన్నదున్నట్టుగా అంగీకరించి, దానికి తగినట్టు పరికరాన్ని మలచడమంటే అదీ. మీరు వెళ్లబోయే టెలిస్కోపు దర్పణం గురించి దొరికిన ప్రతి వివరాన్నీ అంత శ్రద్ధగా చదవండి.

ఇక ఉపగ్రహం వైపు నుంచి వచ్చే ప్రశ్నలు. నేను పాల్గొన్న సమావేశాల్లో ఖగోళ శాస్త్రవేత్తలు విజ్ఞాన లక్ష్యాన్ని త్వరగానే ఒప్పుకునేవారు. గంటల తరబడి చర్చ సాగింది మాత్రం ఉష్ణ నియంత్రణ ఇంజనీర్లతోనే. శూన్యంలో గాలి లేదు కాబట్టి వేడి చివరికి వికిరణంగానే బయటపడాలి. ఒక చదరపు మీటరు నల్లని తలం 300 కెల్విన్ల వద్ద సుమారు 460 వాట్లను వెదజల్లితే, 150 కెల్విన్ల వద్ద 29 వాట్లు మాత్రమే వెదజల్లగలదు. డిటెక్టరును చల్లబరచాలని ఒక్క మాటలో రాసేస్తాం గానీ, ఆ మాట వెనుక సూర్యుణ్ణి గాని భూమిని గాని చూడని ఒక పెద్ద పలకకు ఉపగ్రహం మీద చోటు అడుగుతున్నామన్నమాట. అలాగే 2048 × 2048 పిక్సెళ్ల చిత్రాన్ని 16 బిట్లతో పది సెకన్లకొకసారి తీస్తే రోజుకు 72 గిగాబైట్లు పోగవుతాయి. దాన్ని నేలకు దించేది ఎవరు, ఎప్పుడు అని అడుగుతారు, అడగాలి కూడా.

మా బృందం ఒకసారి ఫిల్టర్లను తిప్పి మార్చే చక్రాన్నే వదులుకుంది. ఫిల్టర్లను కదలకుండా డిటెక్టరు ముందే బిగించి, ఆకాశాన్ని వాటి మీదుగా జరిపేలా పరిశీలనా విధానాన్ని మార్చాం. ఒక మోటారు, దాని బరువు, అది ఎప్పుడైనా ఇరుక్కుపోతుందేమోనన్న భయం పోయాయి, బదులుగా పరిశీలన సమయం పెరిగింది. ఆ మార్పిడిని అంకెలతో సహా రాసిన పేజీనే సమీక్షకులు అందరికంటే ఎక్కువగా మెచ్చుకున్నారు. ఏమి వదులుకుంటున్నారో రాయడానికి వెనుకాడకండి.

2015 సెప్టెంబరు 28న ఇస్రో ప్రయోగించిన ఖగోళ పరిశీలనా ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపును వివరంగా చదవమని నా మనవి. 38 సెంటీమీటర్ల దర్పణానికి ఆ తరంగదైర్ఘ్యాల్లో ఎంత సూక్ష్మంగా చూడగలదన్నదానికి సిద్ధాంతపరమైన హద్దు సుమారు 0.1 ఆర్క్ సెకను (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) అయినా, లక్ష్యంగా పెట్టుకున్నది 1.8 ఆర్క్ సెకన్ల లోపు. ఉపగ్రహం మెల్లగా జరుగుతూనే ఉంటుందని ముందే ఒప్పుకుని, ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కించే డిటెక్టరును ఎంచుకున్నారు, దృశ్యకాంతి చిత్రాలతో ఆ కదలికను పట్టుకుని నేల మీద సరిదిద్దారు. ఉపగ్రహం నుంచి వెలువడే ఆవిరులు అద్దాల మీద పేరుకోకుండా ప్రయోగం తర్వాత రెండు నెలల వరకు తలుపులు తెరవలేదు.

హైదరాబాదులో ఉండటం మీకు ఒక పెద్ద వీలు. ఇక్కడి టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) బెలూన్ కేంద్రం నుంచి ఒక మీటరు దూర పరారుణ టెలిస్కోపును ఎగరవేసి, దానికి జపాన్ శాస్త్రవేత్తల స్పెక్ట్రోమీటరును జోడించి, నక్షత్రాలు పుట్టే మేఘాల్లో అయనీకృత కార్బన్ 158 మైక్రోమీటర్ల గీతను కొలిచారు. ఉన్న టెలిస్కోపుకు కొత్త పరికరాన్ని జతచేయడంలో ఉన్న కష్టసుఖాలు ఆ పత్రాల్లో దొరుకుతాయి. మీ దూర అతినీలలోహిత కాంతి బెలూన్ ఎత్తుకు కూడా చేరదు, పైన ఉన్న ఆక్సిజనే దాన్ని మింగేస్తుంది. అయినా ఎలక్ట్రానిక్స్‌కు అది మంచి పరీక్షే. కొన్ని మిల్లీబార్ల పీడనం వద్ద అధిక వోల్టేజి, నేల మీద కన్నా, పూర్తి శూన్యంలో కన్నా చాలా తేలికగా మెరుపులా దూకేస్తుంది. మీ డిటెక్టరుకు వేల వోల్టులు కావాలి గనక ఈ సంగతిని ఇప్పటి నుంచే చూసుకోండి.

ఎక్కడికి పంపాలన్న ప్రశ్నకు జవాబు చిన్నది. హబుల్‌కు 2009 తర్వాత పరికరాలు మార్చలేదు, జేమ్స్ వెబ్ టెలిస్కోపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది, కాబట్టి ఆ రెండింటినీ మరచిపోండి. ఇస్రో అవకాశ ప్రకటన ఇచ్చినప్పుడు ఒక సంస్థ తరఫున ప్రధాన పరిశోధకుడు దరఖాస్తు చేస్తారు, కాబట్టి మీ ఆలోచనను తీసుకుని ఒక ప్రయోగశాల బృందంలో చేరడమే దారి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ ఒక మీటరు అతినీలలోహిత టెలిస్కోపు ఇన్సిస్ట్‌ను ప్రతిపాదించింది, అక్కడివారితో మాట్లాడండి. వెళ్లే ముందు మీ ప్రశ్న, దానికి కావలసిన విభేదన సామర్థ్యం, ప్రతిఫలన తలాల సంఖ్య, సెకనుకు వచ్చే ఫోటాన్ల అంచనా, వాట్లు, కిలోలు ఒకే పేజీలో రాసి ఇక్కడ పెట్టండి. నేను లెక్కలు సరిచూసి చెబుతాను.