దొంతర అడుగున ఉన్న పుస్తకం

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. సమీక్షకు వచ్చిన పుస్తకాలు 43 పేరుకుపోయాయని, బల్ల వైపు చూస్తేనే టెన్షన్‌గా ఉంటోందని, ఈమధ్య ఆ గదిలోకి వెళ్ళడమే మానేశానని రాశావు. నువ్వు బాగా రాస్తున్నావు కాబట్టే అన్ని వచ్చాయి. ఒక మంచి సమీక్ష అచ్చయితే ఆ వెనకే పది పుస్తకాలు వస్తాయి.

ముందు లెక్క చూద్దాం. 250 పేజీల నవలను శ్రద్ధగా చదివితే గంటకు 40 పేజీలు మించి సాగదు. అంటే ఆరు గంటల పైమాటే. గుర్తు పెట్టుకున్న చోట్లను మళ్ళీ చూసుకోవడానికి గంటన్నర. 800 మాటలు రాసి, కొట్టేసి, తిరగరాయడానికి మూడు గంటలు. పుస్తకానికి దాదాపు 11 గంటలు అనుకో. 43 పుస్తకాలకు 473 గంటలు. ఉద్యోగం చేసుకుంటూ రోజుకు రెండు గంటలు, ఒక్కరోజు కూడా మానకుండా కూర్చున్నా ఎనిమిది నెలలు పడుతుంది, అదీ ఈలోపు కొత్తవి రాకపోతే. అన్నీ పూర్తి చేయలేకపోతున్నానని నిన్ను నువ్వు తిట్టుకోకు. ఆ పని ఎవరివల్లా కాదు.

ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లోనే సమీక్షకుడి బతుకు మీద ఒక వ్యాసం రాశాడు. మనసులో ఏ స్పందనా కలగని పుస్తకాల మీద, గడువు కోసం ఏదో ఒక స్పందన పుట్టించుకోవలసి రావడం ఎంత నష్టమో అందులో చెప్పాడు. చాలా పుస్తకాలను వదిలేసి, ముఖ్యమనిపించిన కొన్నింటికి కనీసం వెయ్యి మాటలైనా ఇవ్వడం మేలన్నాడు. చిన్నప్పుడు చదివి ఇది పెద్దవాళ్ళ గోల అనుకున్నాను. అనుభవమయ్యాకే నమ్మాను.

ఒకసారి రేపు గడువనగా నవల చివరి 60 పేజీలు పైపైన తిప్పేసి సమీక్ష ఇచ్చేశాను. తల్లి కొడుకును చివరిదాకా క్షమించలేదని, ఆ నవల బలమంతా అక్కడే ఉందని రాశాను. అచ్చయిన వారానికి రచయిత్రి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ‘212వ పేజీ చూడండి’ అని, అంతే. తీసి చూశాను. ఆ తల్లి ఒకే ఒక్క వాక్యంలో క్షమించింది. నవలంతా ఆ వాక్యం కోసమే నడిచింది. తరవాతి సంచికలో సవరణ వేయించాను గానీ, సమీక్ష చదివినవాళ్ళందరూ సవరణ చదవరు కదా. నా మాట నమ్మి ఆ పుస్తకాన్ని పక్కన పెట్టినవాళ్ళు ఎందరో నాకిప్పటికీ తెలియదు.

అందుకే ఒక పద్ధతి పట్టుకున్నాను. పుస్తకం వచ్చిన రెండు మూడు రోజుల్లోనే మొదటి 20 పేజీలు, మధ్యలో ఇంకో 10 చదువుతాను. ముందుమాటలు మాత్రం చివరికి ఉంచుతాను. అవి ముందే చదివితే వాళ్ళ మాటలే మన కలంలోంచి వచ్చేస్తాయి. ఆ 30 పేజీలు నన్ను లాగితే ఒప్పుకుంటాను. ఒప్పుకున్నది చివరి పేజీ దాకా చదవాల్సిందే. నాకు పట్టులేని విషయమైతే, ఛందస్సు మీదో జన్యుశాస్త్రం మీదో అయితే, అది తెలిసినవాళ్ళకు ఇవ్వమని సంపాదకుడికి చెప్పేస్తాను. మిగిలినవాటికి ‘అందిన పుస్తకాలు’ శీర్షికలో పేరు, పేజీలు, వెల, రెండు వాక్యాల పరిచయం చాలు. పాఠకుడికి అదీ ఉపయోగమే.

‘అందరూ చదవదగ్గ పుస్తకం’, ‘రచయిత అభినందనీయులు’, ‘అచ్చుతప్పులు లేకుంటే బాగుండేది’. ఈ మూడూ ఒకే సమీక్షలో కనిపించాయంటే రాసినవాడు అలసిపోయాడని అర్థం. నీ కిందటి నెల సమీక్షలో రెండు చూశాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఉచితంగా పంపారు కాబట్టి బాకీ పడ్డానంటున్నావు. నువ్వు అడిగి తెప్పించుకున్నవి, రాస్తానని మాటిచ్చినవి బాకీయే. అడగకుండా వచ్చినవి కాదు. కానీ జవాబు మాత్రం అందరికీ బాకీనే. సొంత డబ్బు పెట్టి అచ్చు వేసుకున్న మనిషి రోజూ ఎదురుచూస్తుంటాడు. ‘చూస్తానండీ’ అని ఏడాది తిప్పడం కంటే ‘నేను రాయలేనండీ’ అని వారంలోపే చెప్పడం దయ. మొదట్లో నోరు రాదు. నాకూ రాలేదు.

ఎవరూ పంపని పుస్తకం, పాతది, నీ ఇష్టంకొద్దీ చదివేది ఒకటి ఎప్పుడూ దగ్గరుంచుకో. కొత్తవే చదువుతూపోతే కొలత తప్పుతుంది.

ఇక దొంతర అడుగున 14 నెలలుగా ఉన్న కవితల పుస్తకం సంగతి. ఆ కవికి 78 ఏళ్ళని, ఆయన రెండుసార్లు ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదని రాశావు. ఈ రాత్రే దాన్ని పైకి తియ్యి. 90 పేజీలే కదా అని ఒక్క ఊపున చదవకు, రోజుకు ఐదు కవితలు చాలు. సమీక్ష రాయాలనిపిస్తే రాయి. అనిపించకపోతే, నీకు నచ్చిన ఒక్క కవిత గురించి ఆయనకే ఉత్తరం రాయి, ఎందుకు నచ్చిందో చెప్పు. ఈసారి ఆయన ఫోన్ చేస్తే ఎత్తు. చేయకపోతే నువ్వే చెయ్యి.

ప్రేమతో,
అన్నయ్య