బండి ఎత్తు నోటికి రావాలి, అల్లుడూ

ఆటోనగర్, విజయవాడ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు పెద్ద బండి అప్పజెప్పారట, డబ్బా బండి అట, అంటే వెనకంతా రేకు పెట్టెలా మూసి ఉండే లారీ, గుంటూరు కోల్డ్ స్టోరేజీల నుంచి మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, ఎత్తాలట. చాలా సంతోషం. మీ అమ్మ మాత్రం మాట్లాడుతున్నంతసేపూ టెన్షన్ పడుతూనే ఉంది. ఘాట్‌లో గేరు ఎలా వేయాలి, బ్రేకులో గాలి ఎంత ఉందో ఎలా చూసుకోవాలి లాంటివి నీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను ఒక్క సంగతి రాయడానికే కూర్చున్నాను. రైలు వంతెన కింద బండి దూర్చడం గురించి.

ఇన్నాళ్ళూ నువ్వు తోలింది చిన్న బండి. దాంతో పోయేటప్పుడు నెత్తి మీద ఏముందో చూసుకునే పనే లేదు. ఇప్పుడు నీ డబ్బా క్యాబిన్ కంటే ఎత్తుగా ఉంటుంది. సీట్లో కూర్చున్నవాడికి అద్దం పై అంచు దాకానే కనిపిస్తుంది, దానికి పైన ఎంత బండి ఉందో కనపడదు. చేతులకేమో ఇంకా చిన్న బండి అలవాటే ఉంటుంది. అందుకే కొత్తగా పెద్ద బండి ఎక్కినవాళ్ళే వంతెనలకి ఎక్కువగా తగిలిస్తారు.

మొన్న మనవడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో డర్హమ్ అనే ఊళ్ళో ఓ రైలు వంతెన ఉంది. 2019 దాకా దాని ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు. పక్క ఆఫీసులో పనిచేసే ఒకాయన 2008 నుంచి దానికెదురుగా కెమెరా పెట్టాడు. బండ్లు వచ్చి తగలడం, పైరేకు అరటితొక్కలా ఒలుచుకుపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. అక్కడ బోర్డులున్నాయి, ఎత్తు బండి వస్తే పసిగట్టి హెచ్చరించే ఏర్పాటు ఉంది, ఎర్రలైటు పడుతుంది. అయినా తగిలాయి. 2019లో వంతెనను 8 అంగుళాలు పైకి లేపారు. ఆ తర్వాత కూడా తగిలాయి. తగిలించినవాళ్ళలో చాలామంది రోజూ కారు నడుపుతూ, సామాను తరలించడానికి ఆ ఒక్కరోజుకి పెద్ద బండి అద్దెకు తీసుకున్నవాళ్ళు. పిల్లలు అది చూసి నవ్వుతున్నారు గానీ నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా ఇంతవరకూ పూర్తిగా చెప్పలేదు.

నాకు బండి చేతికొచ్చి ఆరేళ్ళయిందప్పటికి. నాదీ డబ్బా బండే. పొద్దున బియ్యం లోడుతో ఒక ఊళ్ళోకి వెళ్తూ పాత రైలు వంతెన కింద నుంచి పోవాల్సి వచ్చింది. క్లీనర్ దిగి, ముందుకెళ్ళి చూసి, "నాలుగు వేళ్ళ సందుంది అన్నా, రా రా" అన్నాడు. మెల్లగా దాటేశాను. సాయంత్రం లోడు దించి అదే దారిన ఖాళీ బండితో వస్తున్నాను. పొద్దున పట్టిన బండేగా అన్న ధీమా. క్లీనర్‌ని కూడా దించలేదు. గేరు మార్చి లోపలికి పోనిచ్చాను.

కొత్త బట్ట నిలువునా చింపినట్టు చప్పుడైంది. గడ్డరు, అంటే వంతెనని మోసే ఇనుప దూలం, దాని అడుగున బోల్టు తలలుంటాయి చూడు, అవి నా డబ్బా రేకుని పట్టుకుని రెండు గజాల దాకా చీల్చాయి. బండి ఇరుక్కుని ఆగిపోయింది. పొద్దున పది టన్నుల బియ్యం కింద కమాన్ కట్టలు, అంటే చక్రాల పైన బరువు మోసే స్ప్రింగు పట్టీలు, అణిగి ఉన్నాయి, టైర్లు నొక్కుకుని ఉన్నాయి. బరువు దిగేసరికి బండి పైకి లేచింది. ఆ నాలుగు వేళ్ళ సందు అక్కడే పోయింది. ఖాళీ బండి లోడు బండి కంటే ఎత్తని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు, నాకై నాకు తట్టనూ లేదు.

దిగి, రేకు చూసుకుని, ఓనరుకి ఏం చెప్పాలిరా దేవుడా అని తల పట్టుకున్నాను. ఇంతలో లైను మీద నడిచిపోతున్న కీమ్యాన్, అంటే రోజూ పట్టాలు చూసుకుంటూ తిరిగే రైల్వే మనిషి, ఒకాయన చప్పుడు విని గట్టు దిగి వచ్చాడు. నా బండి వంక చూడనే లేదు. గడ్డరు గోడ మీద ఆనే చోట చెయ్యి పెట్టి తడిమాడు. మళ్ళీ గబగబా పైకెక్కి, మోకాళ్ళ మీద వంగి, రైలు పట్టాని ఒక కన్ను మూసి చూశాడు. అంతే. సంచిలోంచి ఎర్రజెండాలు తీసి ఒకటి మా క్లీనర్ చేతికిచ్చి అటు పరిగెత్తమన్నాడు. తను పటాసులు పట్టుకుని ఇటు పరిగెత్తాడు. పటాసులంటే పండగవి కాదు. పట్టాల మీద బిగిస్తే ఇంజను చక్రం కింద పేలి డ్రైవరుని హెచ్చరిస్తాయి. ఆయనకి అప్పటికి యాభై దాటి ఉంటాయి, కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

కాసేపటికి దూరంగా కూత వినిపించింది. పాసింజరు బండి వంతెనకి చాలా ముందే ఆగింది. చీకటి పడే వేళ. పెట్టెల్లో దీపాలు వెలుగుతున్నాయి, జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ఏమైందా అని చూస్తున్నారు. నేను గట్టు మీద నిలబడి ఆ కిటికీలు చూశాను. అప్పటిదాకా నా తలలో ఉన్నది రేకు ఖర్చే. ఆ వంతెన మీద నుంచి మనుషులు పోతారన్న ఆలోచన అప్పుడు కలిగింది. ఇన్నేళ్ళయినా ఆ కిటికీలు నా కళ్ళముందే ఉన్నాయి.

అందుకని ముందు చివరి మాట చెబుతాను. ఎప్పుడైనా నీ బండి వంతెనకి తగిలితే, గీసుకుపోయినంతే అయినా, మొదట బండి సంగతి వదిలెయ్యి. రైలు ఆగాలి. 139కి ఫోన్ చెయ్యి. అది రైల్వేవాళ్ళ నంబరు, ఏ వేళప్పుడైనా పనిచేస్తుంది. పోలీసులకి 112. వంతెన గోడ మీదో గడ్డరు మీదో దాని నంబరు రాసి ఉంటుంది, అది చదివి చెప్పు. ఊరి పేరు చెబితే ఆ ఊళ్ళో నాలుగు వంతెనలుండవచ్చు, నంబరు చెబితే పొరపాటుండదు. దగ్గర్లో గేటున్నా స్టేషనున్నా మనిషిని పంపు. జనం మూగి "వెనక్కి లాగు, ముందుకి గుంజు" అని తలా ఒకటి చెబుతారు. వినొద్దు. గడ్డరు నీ బండి మీద ఆనుకుని ఉంటే, బండి లాగినప్పుడు అదెటు జరుగుతుందో వాళ్ళకీ తెలీదు, నీకూ తెలీదు. రైల్వే ఇంజనీరు వచ్చి చూసి సరేనన్నాక టైర్లలో గాలి కొంచెం కొంచెం తీస్తే బండి దిగుతుంది, అప్పుడు మెల్లగా వెనక్కి రావచ్చు. భయపడి బండి వదిలి పారిపోయేవాళ్ళున్నారు. ఎవరూ చూడలేదని తోలుకుపోయేవాళ్ళూ ఉన్నారు. నువ్వు ఆ పని చేశావని వింటే మాత్రం నేను తట్టుకోలేను.

ఇక అంతదాకా రాకుండా చూసుకోవడం. నీ బండి ఎత్తు నీ పేరంత తేలిగ్గా నోటికి రావాలి. ఆర్‌సీలో రాసింది సరిపోదు. వేబ్రిడ్జి, అదే లారీలు తూకం వేసే చోటు, దగ్గర నేల చదునుగా ఉంటుంది, అక్కడ ఆపు. పైకెక్కి డబ్బా మీద అన్నిటికంటే ఎత్తైన చోట ఒక తిన్నని పట్టీ అడ్డంగా పెట్టి, పక్కకి వచ్చిన కొస నుంచి నేల దాకా టేపు వదులు. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి. పైన బరకం చుట్టి కట్టి ఉంటే అదీ కలుపు. రెండు లెక్కలూ మీటర్లలో ఒకటి, అడుగుల్లో ఒకటి రాసి అద్దం పైన అంటించు. ఎందుకంటే బోర్డు మీద 3.6 మీటర్లు అని ఉంటుంది, మనం గాలివాటుగా పన్నెండడుగులు అనుకుంటాం. పన్నెండడుగులంటే 3.66. ఆ తేడా రెండంగుళాల పైనే. నా రేకు చిరిగింది అంతకంటే తక్కువలో.

మామూలు లారీకి ఎత్తు 3.8 మీటర్లు దాటకూడదని మా రోజుల్లో రూలు. 2020లో దాన్ని 4 మీటర్లు చేశారు, అంటే 13 అడుగుల ఒకటిన్నర అంగుళం. పెంచింది బండికే గానీ, పాత వంతెనలు ఎక్కడివక్కడే ఉన్నాయి. రూలు ప్రకారమే ఉన్న బండి కూడా వాటి కింద పట్టదు. ఓపెన్ బండి మీద పత్తి, గడ్డి ఎత్తుగా పేర్చి పోయేవాళ్ళ సంగతి వేరే చెప్పాలా. 2019 నుంచి లోడు ఎత్తు మీరితే చట్టంలో 20,000 జరిమానా ఉంది, దించిన హమాలీ ఖర్చూ మనదే.

బోర్డుని కూడా గుడ్డిగా నమ్మకు. వంతెన కింద రోడ్డుకి కొత్తగా తారు పోస్తే రోడ్డు పైకొస్తుంది, బోర్డు మీద అంకె మాత్రం పాతదే ఉండొచ్చు. ఇంకొకటి, ఇది చాలామంది పాత డ్రైవర్లకి కూడా తెలీదు. వంతెన కింద రోడ్డు గిన్నెలా పల్లంగా ఉంటుంది కదా. గిన్నె మీద గరిట అడ్డంగా పెడితే మధ్యలో అడుగుకి తగలదు, పైనే ఉంటుంది. పొడుగు బండి కూడా అంతే. ముందు చక్రాలు అవతలి ఎగుడు ఎక్కుతూ, వెనక చక్రాలు ఇవతలి దిగుడులో ఉన్నప్పుడు నడుమ భాగం గడ్డరుకి దగ్గరవుతుంది. బోర్డులో ఉన్నంత ఎత్తు నీకు దొరకదు. అందుకే కనీసం జానెడు సందు లేకపోతే దూరొద్దు. విల్లులా వంగి కట్టిన కమాను వంతెనైతే మధ్యలో ఎత్తు, పక్కల తక్కువ. ఎదుటి బండికి దారిచ్చి పక్కకి జరిగావంటే డబ్బా మూల తగులుతుంది. అలాంటి చోట అవతలివాడు పూర్తిగా దాటేదాకా బయటే ఆగు.

రైల్వే గేట్లు తీసేసి చాలా చోట్ల కింద నుంచి దారులు చేశారు. గేటు దగ్గర అరగంట ఆగే బాధ తప్పింది, మంచిదే. కానీ వాటిలో చాలావరకు కార్లకీ ట్రాక్టర్లకీ సరిపోయేంత ఎత్తే. నిరుడు గేటు దాటి వెళ్ళిన ఊరికి ఈ ఏడు వెళ్తే అక్కడ అండర్‌బ్రిడ్జి ఉండొచ్చు. ఫోన్లో మ్యాపు కారుకి చూపించినట్టే నీకూ చూపిస్తుంది, నీ వెనక డబ్బా ఉందని దానికి తెలీదు. కొత్త ఊరు వెళ్ళేటప్పుడు ముందే సరుకు దించుకునేవాళ్ళకి ఫోన్ చేసి, "పెద్ద బండి ఏ దారిన వస్తుంది" అని అడుగు. ఆ ఊళ్ళో రోజూ తిరిగే లారీ డ్రైవరు చెప్పింది అన్నిటికంటే నమ్మకం.

మన ఊళ్ళ సంగతి నీకు తెలిసిందే. గుంటూరులో మూడు వంతెనల వైపు, విజయవాడ వన్‌టౌన్‌లో లోబ్రిడ్జి వైపు పెద్ద బండి ముక్కు కూడా పెట్టకు. వానొస్తే రెండు చోట్లా నీళ్ళు నిలుస్తాయి, నీళ్ళలో రోడ్డు ఎక్కడ దిగిందో, ఎక్కడ ఎగిసిందో తెలీదు. గుంటూరులో ఏదైనా వంతెన పనుల కోసం మూసి ట్రాఫిక్ మళ్ళించినా, ముందు బండి వెనకే పోదామనుకోకు. ముందు పోయేది ఆటో కావచ్చు. పది కిలోమీటర్లు ఎక్కువైనా హైవే మీదుగా రా. డీజిల్ ఖర్చు గురించి ఓనరు అడిగితే నా నంబరివ్వు, నేను మాట్లాడతాను.

వంతెనకి ముందు ఇనుప గడ్డరు అడ్డంగా పెట్టి ఉంటుంది, గేజి అంటాం. దానికి తగిలిందంటే ఆగిపోయి వెనక్కి రావాలి. దాన్ని వంచి దూరినవాళ్ళని నేను చూశాను, వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. కరెంటుతో రైళ్ళు నడిచే లైను మీద గేటు దాటేచోట గేజి 4.67 మీటర్లు. పైన తీగలో 25,000 వోల్టులు. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోయినా లాగేస్తుంది. లోడు మీద మనిషిని కూర్చోబెట్టుకుని వంతెన కిందా గేటులోనూ పోవద్దు, హమాలీలు ఎంత బతిమాలినా సరే. బరకం సర్దడానికి నీ క్లీనర్ పైకెక్కాల్సి వస్తే తీగలకి దూరంగా ఆపాకే ఎక్కించు. వాడూ ఒక తల్లి బిడ్డే.

అనుమానం వస్తే ఆగు. హజార్డ్ లైట్లు వెయ్యి, క్లీనర్‌ని దించు. వాడు ముందు పక్కన, డబ్బా పైఅంచూ గడ్డరూ రెండూ కనిపించే చోట నిలబడాలి. రాత్రయితే టార్చి పైకి కొట్టాలి. "రా రా" అనడం తేలిక, "ఆగు" అనడానికి వాడికి ధైర్యం కావాలి. ఆగమన్నందుకు ఏనాడూ వాడిని కసరకు. వెనక హారన్లు మోగుతాయి, తిడతారు. మోగనీ. దూరదనిపిస్తే, వెనకున్నవాళ్ళని చేతులు జోడించి పక్కకి పంపి, రివర్స్‌లో బయటికి రా. నేను ఎన్నోసార్లు వచ్చాను.

ఆదివారం మొదటి లోడు ముందు ఖాళీ బండి ఆటోనగర్ తీసుకురా. టేపు, పట్టీ నా దగ్గరున్నాయి. కొలిచి, అంకెలు పెద్దక్షరాలతో నేనే రాసి అంటిస్తాను. కమాన్ కట్టలు కూడా ఒకసారి మేస్త్రీకి చూపిద్దాం. మీ క్లీనర్ కుర్రాడిని తప్పకుండా తీసుకురా, వాడితో నేను మాట్లాడాలి. అత్తయ్య ముగ్గురికీ వంట చేస్తానంటోంది.

మీ మావయ్య