సూపర్‌బర్డ్ మోడల్ మొదలుపెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు 1970 ప్లిమత్ సూపర్‌బర్డ్ కారు ప్లాస్టిక్ మోడల్ కిట్ తెప్పించుకున్నావట, డబ్బా తెరిచి రెండు రోజులుగా ఆ ముక్కలన్నీ మంచం మీద పరుచుకుని చూస్తున్నావట. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. బల్ల మీద పక్కన పెట్టుకుని పని చెయ్యి.

ఇంకా ఏ ముక్కా కొయ్యలేదుగా? కొయ్యకు. ముందు రెండు మూడు సాయంత్రాలు అసలు కారు గురించి తెలుసుకో, పాత ఫోటోలు చూడు. ఇన్నేళ్లుగా నేను చేసిన మోడళ్లలో బాగా కుదిరినవన్నీ, ఏ భాగం ఎందుకుందో తెలిసి చేసినవే. తెలియకుండా చేసినవి మెరుస్తాయి, అంతే. సూపర్‌బర్డ్ విషయంలో ఇది మరీ నిజం. అందులో అందం కోసం పెట్టినవి చాలా తక్కువ.

1969లో డాడ్జ్ కార్ల కంపెనీ వాళ్లు, నాస్కార్ అనే అమెరికా సంస్థ నడిపే కారు రేసుల కోసం పొడుగు ముక్కు, వెనక ఎత్తయిన రెక్క ఉన్న చార్జర్ డేటోనా అనే కారు తెచ్చారు. ప్లిమత్ దగ్గర అలాంటిది లేదు. వాళ్ల పెద్ద డ్రైవర్ రిచర్డ్ పెట్టీ గాలిని చీల్చుకుపోయే కారు కావాలని అంతకుముందే అడిగాడు, దొరకలేదు, 1969 సీజన్‌కి ఫోర్డ్‌కి వెళ్లిపోయాడు. ఆయన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే ప్లిమత్‌కి కూడా రెక్క కారు ఉండాలి. అలా పుట్టింది సూపర్‌బర్డ్. అయితే రేసులో దించాలంటే అదే కారు జనానికి కూడా అమ్మాలని నాస్కార్ నిబంధన. 1969లో 500 చేస్తే సరిపోయేది. 1970కి దాన్ని పెంచి, కనీసం వెయ్యి గానీ, ఇద్దరు డీలర్లకు ఒకటి చొప్పున గానీ, ఏది ఎక్కువైతే అన్ని చెయ్యమన్నారు. దాంతో రెండు వేలకి కాస్త తక్కువ కార్లు హడావిడిగా చేసి పడేశారు. పెట్టీ తిరిగొచ్చాడు. 1970 డేటోనా 500 రేసును పెట్టీ జట్టు కారులోనే పీట్ హామిల్టన్ గెలిచాడు. మరుసటి ఏడాది రెక్క కార్ల ఇంజిన్‌ని 305 ఘనపుటంగుళాలకు కట్టడి చేసేసరికి ఆ కథ ముగిసింది. షోరూముల్లో అమ్ముడుపోక మిగిలిన కొన్నిటికి ముక్కు, రెక్క పీకేసి మామూలు రోడ్ రన్నర్లుగా (సూపర్‌బర్డ్‌కి మూలమైన ప్లిమత్ కారు అది) అమ్మిన డీలర్లు కూడా ఉన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ కారుకుండే ఆ నల్లటి పైకప్పు గురించి. ఇక్కడ డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఏటా ఆగస్టులో పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, 1995 నుంచి. అక్కడ ఓసారి పసుపుపచ్చ సూపర్‌బర్డ్ ఒకటి చెట్టు నీడన ఆగి ఉంటే దాని వెనక అద్దం దగ్గర అరగంట నిలబడ్డాను. మామూలు రోడ్ రన్నర్‌లో ఆ అద్దం కాస్త లోతుగా ఉంటుంది, గాలి అక్కడ సుడి తిరిగి కారుని వెనక్కి లాగుతుంది. అందుకని అక్కడ ఇనుప రేకు ముక్క ఒకటి అతికి, అద్దాన్ని బయటి తలానికి సమంగా తెచ్చారు. ఆ అతుకులన్నీ నునుపుగా చెయ్యాలంటే కారుకి గంటలు గంటలు పడుతుంది, వాళ్లకి అంత టైము లేదు. అందుకే పైన నల్ల వినైల్, అంటే తోలులాంటి ప్లాస్టిక్ గుడ్డ, కప్పేశారు. ప్రతి రోడ్డు సూపర్‌బర్డ్‌కీ నల్ల వినైల్ పైకప్పు ఉండటానికి కారణం అదే. ఆ రోజు నేను వంగి ఏటవాలుగా చూస్తే, వినైల్ కింద అతుకు దగ్గర చిన్న ఉబ్బు తెలుస్తూనే ఉంది. ఎండ పడుతుంటే దాని మీద వెలుగు కొద్దిగా వంకరపోయింది.

కాబట్టి ఆ పైకప్పుని తళతళలాడించకు. కారంతా పాలిష్ అయ్యాక, మిగతా బాడీని మాస్కింగ్ టేపుతో మూసేసి, పైకప్పుకి మాత్రం మెరుపు లేని నల్లరంగు కొట్టు. స్ప్రే డబ్బాని మామూలుకన్నా దూరంగా, అడుగున్నర దూరంలో పట్టుకుంటే రంగు గాలిలోనే సగం ఆరి, గరుకుగా పొడిలా పడుతుంది. అదే వినైల్ గరుకుదనం. రెండు పలుచటి పూతలు చాలు. తర్వాత వేలితో మెత్తగా రుద్దితే తోలులా కాస్త నిగనిగ వస్తుంది. మొత్తం మోడల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

ఇక మొదటి నుంచి వద్దాం. ముక్కల ఫ్రేములన్నీ గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు వేసి కడిగి, నీడన ఆరబెట్టు. అచ్చులోంచి ఊడి రావడానికి రాసిన జిడ్డు వాటి మీద ఉంటుంది, అది ఉంటే రంగు పట్టదు. ముక్కల్ని చేత్తో తిప్పి విరవకు. కాస్త దూరంగా కటింగ్ ప్లేయర్‌తో తుంచి, మిగిలిన మొనను బ్లేడుతో చెక్కి, ఉప్పుకాగితంతో సమం చెయ్యి. జిగురు పెట్టే ముందు ప్రతిదీ ఉత్తిగా అమర్చి చూసుకో. స్కేలు 1/24 అని మర్చిపోకు. నీ బల్ల మీద ఒక మిల్లీమీటరు సందు అంటే అసలు కారులో దాదాపు రెండున్నర సెంటీమీటర్లు, వేలు దూరిపోతుంది. ముఖ్యంగా ముక్కు, బాడీ కలిసే చోట. అక్కడ జిగురు ఆరాక లప్పం పెట్టి, 400 నుంచి 600 నంబరు ఉప్పుకాగితంతో నీళ్లు చల్లుతూ రుద్దు. కానీ అసలు కారులో కూడా ముక్కుకీ బాడీకీ మధ్య గీత ఉంటుంది, దాన్ని పూడ్చెయ్యకు. ఫోటో పక్కన పెట్టుకుని ఏది గీతో, ఏది తప్పో చూసుకో. తలుపులు, డిక్కీ గీతల్ని కూడా రంగు వెయ్యకముందే బ్లేడు వీపుతో నెమ్మదిగా ఒకటి రెండుసార్లు గీసి లోతు చెయ్యి, లేకపోతే రంగులో మునిగిపోతాయి.

రంగు సంగతి. ఊదా రంగు వెయ్యాలనుందని మీ అమ్మ చెప్పింది. ఆ ఏడాది ప్లిమత్ వాళ్ల ఊదా రంగు చాలా అందమైనది, కాదనను. కానీ సూపర్‌బర్డ్‌ని ఆ రంగులో అమ్మలేదు. నిమ్మపండు రంగు లెమన్ ట్విస్ట్, లేత ఆకుపచ్చ లైమ్‌లైట్, విటమిన్ సి అనే నారింజ, టోర్ రెడ్, ఆల్పైన్ వైట్, పెట్టీ రేసు కారుని గుర్తుచేసే నీలం, ఇంకో మెటాలిక్ నీలం, అంతే. నీ కారు నీ ఇష్టం. అయినా అరుదైన కారు కావాలనే కదా ఇది కొన్నావు, అలాంటప్పుడు ఉన్నదాన్ని ఉన్నట్టు చెయ్యడమే బాగుంటుందని నా మాట. మొదటిసారి కాబట్టి మెటాలిక్ జోలికి పోకు, అందులో మెరుపు రేణువులు ఈ సైజులో గులకరాళ్లలా కనిపిస్తాయి. లైమ్‌లైట్ అయితే నల్ల పైకప్పు కింద భలే ఉంటుంది. లేత రంగు కాబట్టి కింద తెల్ల ప్రైమర్ తప్పనిసరి.

విశాఖలో ఉన్నావు కాబట్టి ఇది రెండుసార్లు చదువు. వాన పట్టిన రోజు స్ప్రే చెయ్యకు. నాలుగేళ్ల క్రితం జులైలో మీ ఇంటికి వచ్చినప్పుడు, సాయంత్రం బాల్కనీలో ఒక బాడీకి పైపూత కొట్టాను. పది నిమిషాల్లో దాని మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లటి పొర కమ్మేసింది. రంగులోని థిన్నర్ ఆవిరైపోతూ ఆ తలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమంతా దాని మీద చెమ్మలా పట్టి లోపలే చిక్కుకుంటుంది. మూడు వారాల పని అది. తేమ తక్కువున్న రోజు చూసుకుని, మధ్యాహ్నం పదకొండుకీ మూడుకీ మధ్య కొట్టు. అలా తెల్లబారితే కంగారు పడి తుడవకు. ఆరనిచ్చి, పొడి రోజున అదే పూతని చాలా పలుచగా ఇంకోసారి కొడితే చాలావరకు పోతుంది. స్ప్రే డబ్బాని ముందు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచితే రంగు సన్నగా, సమంగా వస్తుంది. గోరువెచ్చనివే, పొయ్యి దగ్గరకి మాత్రం తీసుకెళ్లకు. మాస్కు పెట్టుకో, కిటికీలు తెరిచి ఉంచు. ఒక్కసారే నిండుగా కొట్టకుండా పొగమంచులాంటి పూతలు నాలుగైదు వెయ్యి. ఒక్కో పూత మధ్య పది నిమిషాలు ఆగు. అంతా అయ్యాక వారం రోజులు ముట్టుకోకు. వేలి ముద్ర పడని రంగు కూడా లోపల మెత్తగా ఉంటుంది. పాలిష్‌కి 2000 నంబరు కాగితం నీళ్లతో, ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండ్. అంచుల మీద రుద్దకు, అక్కడే ముందు రంగు లేచిపోతుంది.

ఇంజిన్ విషయంలో నీకు సాయం కావాలంటే మళ్లీ రాస్తాను, ఇప్పుడు ఒక్కటే చెబుతాను. ఇంజిన్ నారింజ రంగు. ప్లగ్ వైర్లు వెయ్యాలనుకుంటే, మోటారు వైండింగ్ షాపులో మిల్లీమీటరులో మూడో వంతు మందం ఉన్న రాగి తీగ అడిగి తెచ్చుకుని నల్లరంగు వేసుకో. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్ ముందు భాగంలో ఉంటుంది. దాని నుంచి సిలిండర్లకి ఎనిమిది వైర్లు, కాయిల్‌కి ఒకటి. మంట అందే వరుస 1-8-4-3-6-5-7-2. డ్రైవర్ వైపున్నవి బేసి నంబర్లు, ముందు నుంచి వెనక్కి. బానెట్ కింద హారన్‌కి మాత్రం లేత ఊదా రంగు వెయ్యి. రోడ్ రన్నర్ అనే కార్టూన్ పక్షిలా బీప్ బీప్ అనే హారన్ అది, అసలు కారులో నిజంగానే ఊదా రంగు. నీ ఊదా కోరిక అక్కడ తీరుతుంది.

డెకాల్స్‌లో, అంటే నీళ్లలో తడిపి అతికించే బొమ్మల్లో, జనం ఎక్కువగా పొరపడేది ముక్కు దగ్గర. హెల్మెట్ పట్టుకున్న ఆ పక్షి బొమ్మ ముక్కు మీద డ్రైవర్ వైపు హెడ్‌లైట్ మూత మీద మాత్రమే ఉంటుంది. అమెరికా కారు కాబట్టి డ్రైవర్ వైపంటే ఎడమ. అటూ ఇటూ రెండు పెట్టెయ్యకు. రెక్క నిలువు స్తంభాల బయటి వైపు మాత్రం రెండిటికీ ఉంటుంది. నీళ్లలో పదిహేను సెకన్లు ముంచి తీసి, కాగితం మీదే ఒక నిమిషం వదిలెయ్యి. చిత్రం దానంతటది జారే వరకు లాగకు.

అద్దాలకి ఫెవిక్విక్ లాంటివి వాడకు, వాటి ఆవిరికి అద్దం పాలలా మసకబారిపోతుంది. తెల్ల ఫెవికాల్ చుక్కలు నాలుగు చాలు. క్రోమ్ ముక్కల మీద కూడా జిగురు నిలవదు. అంటే ప్లాస్టిక్‌కి అంటుతుంది గానీ పైనున్న క్రోమ్ పొర ఊడొస్తుంది. జిగురు తగిలే చోట బ్లేడుతో ఆ పొరని గీకి తియ్యి.

ఆఖరున రెక్క. ముందు పెట్టావంటే మిగతా పనంతా అయ్యేలోపు కనీసం రెండుసార్లు విరగ్గొడతావు. అసలు కారులో అది దాదాపు రెండడుగుల ఎత్తు, నీ మోడల్‌లో అంగుళం దగ్గర. నిలువు స్తంభాలు డిక్కీ మూత మీద కాదు, దానికి అటూ ఇటూ ఉన్న బాడీ మీద నిలబడతాయి, మూత మధ్యలోంచి పైకి లేస్తుంది. డిక్కీ తెరుచుకోవడానికే అంత ఎత్తు పెట్టారని ఇక్కడ అందరూ చెప్పుకునే కథ కూడా ఒకటుంది. రెండు స్తంభాలూ పైకి వెళ్లేకొద్దీ కొద్దిగా లోపలికి వాలతాయి, వెనక్కి కూడా వాలు ఉంటుంది. ఫోటో చూసి ఆ వాలుకి అట్టముక్క ఒకటి కత్తిరించుకుని, స్తంభాల మధ్య నిలబెట్టి, జిగురు పూర్తిగా ఆరేవరకు ఉంచు. ఒక పక్క అర మిల్లీమీటరు తేడా వచ్చినా వెనక నుంచి చూస్తే మొదట కంటికి తగిలేది అదే.

జిగురు పెట్టకముందు టేపుతో నిలబెట్టి, వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీసి నాకు పంపు. ఇక్కడ అర్ధరాత్రయినా ఫర్వాలేదు, చూసి చెబుతాను.

ఇట్లు
మీ మావయ్య